రాయి దగ్గరే చేప: చిన్న పడవలో గాలపు వేట

(చెన్నైలో తెలుగువారి ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో గాలి చప్పుడు వస్తోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది కాసిమేడు చేపల రేవుకు వెళ్లి చేప కొనుక్కొచ్చేవాళ్లు. కొంతమంది సెలవు రోజున పడవ మాట్లాడుకుని గాలం వేసేవాళ్లు. ముందు వరసలో నలుగురైదుగురు పడవ నడిపే కుటుంబాలవాళ్లు ఉన్నారు. అన్నయ్యా, నేను ఎక్కడైనా తప్పు చెబితే ఆఖరుదాకా ఆగకండి, అక్కడికక్కడే చెప్పండి.

ఇవాళ్టి సంగతి రాతి చేపలు. కలవా (ఇంగ్లీషులో గ్రూపర్ అంటారు), శంకరా, రాళ్ల చుట్టూ తిరిగే పారై, ఇలాంటివి. వంజరం సంగతి కాదు. వంజరం తిరిగే చేప, ఇవాళ ఇక్కడ, రేపు ఇంకెక్కడో. దాని వెనక మనం పరిగెత్తాలి. కలవా అలా కాదు. దానికి ఒక రాయి ఉంటుంది, రాయిలో ఒక బొరియ ఉంటుంది, అక్కడే ఉంటుంది. కాబట్టి ఈ వేటలో మనం వెతకాల్సింది రాయిని. రాయిని కనుక్కోవాలి, రాయి మీద పడవ నిలపాలి, ఆ తర్వాతే గాలం. ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి. కొత్తగా వెళ్లేవాళ్లు డబ్బంతా రాడ్డుకూ రీలుకూ పెడతారు. పడవ రాయికి 20 మీటర్లు పక్కన నిలిచిందనుకోండి, ఎంత ఖరీదైన రాడ్డయితే ఏం లాభం? ఇసక మీద ఎర ఊరికే నానుతుంది.

చెన్నై దగ్గర పగడపు దిబ్బలు లేవు. అవి కావాలంటే దక్షిణాన మన్నార్ సింధుశాఖకు పోవాలి. అక్కడి 21 దీవుల చుట్టూ ఉన్న పగడాలు 1986 నుంచి జాతీయ సముద్ర ఉద్యానవనంలో ఉన్నాయి, అక్కడ వేట కుదరదు. మనకున్నవి ఇసక మధ్య అక్కడక్కడా తేలిన రాతి పట్టీలు. వీటికి తోడు మనుషులు వేసినవి కొన్ని. సీఎంఎఫ్‌ఆర్‌ఐ, అంటే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, శాస్త్రవేత్తలూ రాష్ట్ర మత్స్యశాఖా కలిసి కాంక్రీటు దిమ్మెలు పోత పోయించి, తమిళనాడు తీరం పొడవునా చాలా ఊళ్ల ఎదుట ముంచారు. త్రికోణాలు, బావి ఒరల్లాంటి గుండ్రటివి. ఏ రాయి అయినా అడుగున ఈడ్చే ట్రాలరు వలకు శత్రువే, వల చిరిగిపోతుంది. అందుకే రాతి మీద గాలమే నడుస్తుంది.

సరే, రాయిని కనుక్కోవడం ఎలా? జీపీఎస్ ఉంది కదా అంటారు. ఉంది. ఫోన్ జీపీఎస్ కూడా ఆకాశం తెరిపిగా ఉంటే అయిదు మీటర్ల అటూ ఇటూలో చూపిస్తుంది. రాయి పది మీటర్ల వెడల్పు ఉందనుకోండి, మీరు పాయింటు గుర్తు పెట్టిన రోజు అయిదు తేడా, ఇవాళ ఇంకో అయిదు తేడా. అంటే రాయి పక్కకు చేరారు, రాయి మీదకు కాదు.

పాతవాళ్ల పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఒడ్డు మీద రెండు గుర్తులు ఒకే వరసలోకి వచ్చేలా చూసుకోవాలి. ముందు ఒకటి, దాని వెనక దూరంగా ఇంకొకటి. మెరీనా లైట్‌హౌస్ ముందు ఫలానా మేడ అంచు, శాంతోం చర్చి శిఖరం ముందు ఫలానా సెల్ టవర్, అలా. ఒక వరస మిమ్మల్ని ఒక గీత మీద నిలబెడుతుంది. ఇంకోవైపు ఇంకో వరస ఉంటే, రెండు గీతలూ కలిసే చోటు మీ రాయి. రెండు గీతల మధ్య కోణం లంబంగా ఉంటే మేలు. 30 డిగ్రీల కంటే తగ్గితే ఆ గుర్తు నమ్మకండి, కళ్ల తేడా కొంచెమైనా నీళ్ల మీద చాలా దూరం అవుతుంది. ఇంకొకటి, ముందు గుర్తుకూ వెనక గుర్తుకూ మధ్య ఎడం ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. పడవ నాలుగు మీటర్లు జరిగినా వరస విడిపోవడం కంటికి తెలుస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు మేడలు పెట్టుకుంటే పడవ ఎంత జరిగినా అవి కలిసే ఉన్నట్టు కనిపిస్తాయి.

మన ఊరితో ఒక చిక్కు ఉంది. ఒడ్డున మేడలు లేస్తూనే ఉంటాయి. నిన్నటిదాకా కనపడిన నీళ్ల ట్యాంకు ముందు పదహారంతస్తులు లేస్తాయి, మీ గుర్తు పోయినట్టే. అందుకని ఒక్కో రాయికి మూడేసి వరసలు నోటు పుస్తకంలో రాసుకోండి, జీపీఎస్ అంకెలు పక్కన పెట్టండి. పొద్దున్న మసక ఉంటే దూరపు గుర్తు కనపడదు, ఒక వరస దగ్గరిది ఉండాలి.

చోటికి చేరాక అడుగు చూడాలి. ఎకో సౌండర్, అంటే కిందికి శబ్దం పంపి అడుగును తెర మీద గీసే యంత్రం, ఉన్నవాళ్లకు సులువు. ఇసక పలచటి గీతగా కనిపిస్తుంది, రాయి మందంగా, ముదురు రంగులో. గట్టి అడుగైతే కింద రెండో ప్రతిధ్వని కూడా గీస్తుంది, ఆ రెండో గీత కోసం చూడండి. అయితే 200 కిలోహెర్ట్జ్ సౌండర్ కిరణం దాదాపు 20 డిగ్రీల వెడల్పుంటుంది. 15 మీటర్ల లోతులో అది చూసే చోటు అడ్డంగా అయిదు మీటర్లే. నెమ్మదిగా, ఎడమెడంగా గీతలు గీసినట్టు పడవ నడపాలి. వేగంగా పోతే రాయి పక్కనుంచే దాటిపోయినా తెలియదు.

సౌండర్ లేదా? సీసం గుండు తీసుకోండి, అడుగున చిన్న గుంట పెట్టండి, అందులో బట్టల సబ్బు కూరండి. దింపి, అడుగు తాకించి, పైకి లాగండి. సబ్బుకు ఇసక అంటుకుంటే ఇసక. గవ్వ ముక్కలు అంటుకుంటే రాయి దగ్గర్లో ఉంది. ఏమీ అంటకుండా సబ్బు నొక్కుకుపోయి, గీసుకుపోయి వచ్చిందా, మీరు రాయి మీదున్నారు. చేతికి కూడా తెలుస్తుంది. ఇసక మీద గుండు మెత్తగా ఆగుతుంది. రాయి మీద టక్కుమంటుంది.

ఇప్పుడు అసలు పని. పడవ నిలపడం. దీనికి ఎక్కువ సేపు తీసుకుంటాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు.

లంగరు రాయి మీద వేయకూడదు. ఎందుకు? ఒకటి, చిక్కుకుంటే రాదు. రెండు, ఆ చప్పుడుకూ గీకుడుకూ చేప బొరియలోకి పోతుంది. లంగరు ఒరవడికి, అంటే నీళ్ల పారుదలకు, ఎగువన ఇసకలో వేసి, తాడు వదులుతూ పడవను రాయి మీదకు తెచ్చుకోవాలి. ముందు రాయి మీద ఇంజను ఆపండి. అయిదు నిమిషాలు ఊరికే పడవను పోనివ్వండి. ఎటు పోతోందో జీపీఎస్ మీద చూడండి. గాలీ ఒరవడీ కలిసి లాగే దిక్కు అదే. దాని మీద ఊహలు వద్దు, ఎందుకంటే పైన గాలి ఒకవైపు, అడుగున నీళ్లు ఇంకోవైపు పోతుంటాయి. ఇక్కడి కుప్పాల్లో ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే ఒరవడిని వన్ని అంటారు, దక్షిణం నుంచి ఉత్తరానికి పోయేదాన్ని తెండి అంటారు. మోటుగా చెప్పాలంటే ఫిబ్రవరి నుంచి సెప్టెంబరుదాకా ఎక్కువగా తెండి, ఈశాన్య రుతుపవనాల కాలంలో వన్ని. అయినా ఏ రోజుకా రోజు చూసుకోవాల్సిందే.

దిక్కు తెలిశాక, పడవ పోయిన దారినే ఎదురు తిరిగి, రాయి దాటి పైకి వెళ్లండి. ఎంత పైకి? లోతుకు మూడింతల తాడు కావాలి. 15 మీటర్ల నీళ్లు, అంటే ఎనిమిది బారలకు కొంచెం పైన. 45 మీటర్ల తాడు. లంగరు కొద్దిగా ఈడ్చుకుని పట్టుకుంటుంది కాబట్టి రాయికి 50 మీటర్ల ఎగువన వదలండి. లంగరుకూ తాడుకూ మధ్య రెండు మూడు మీటర్ల గొలుసు ఉండాలి. గొలుసు బరువుకే లంగరు పడుకుని ఇసకలో దిగుతుంది. గొలుసు లేకపోతే లంగరు నిలబడి గంతులేస్తుంది. గాలి పెరిగితే తాడు అయిదింతలు చేయండి.

ఇక్కడో లెక్క చూడండి. గాలి 20 డిగ్రీలు పక్కకు తిరిగిందనుకోండి. గుంజకు కట్టిన ఆవులాగా పడవ తాడు చుట్టూ తిరుగుతుంది. 45 మీటర్ల తాడు మీద 20 డిగ్రీలంటే పడవ దాదాపు 15 మీటర్లు పక్కకు పోయింది. రాయి పది మీటర్లు! అంతదాకా బాగా పడుతున్న చేప ఉన్నట్టుండి ఆగిపోతుంది. అందరూ ఎర మారుస్తారు, గాలం మారుస్తారు. ఎవరూ ఒడ్డు వైపు చూసి వరస కలిసి ఉందా లేదా అని చూడరు. చేప ఆగిందంటే మొదట గుర్తులు చూడండి. ఎర తర్వాత.

చెన్నైలో ఎండాకాలంలో ఇది రోజూ జరుగుతుంది. తెల్లవారుజామున నేల మీంచి సన్నగా గాలి వీస్తుంది. పదకొండు, పన్నెండు ఆ ప్రాంతంలో సముద్రపు గాలి దిగుతుంది, ఆగ్నేయం నుంచి. పడవ మొత్తం తిరిగిపోతుంది. అప్పుడు లంగరు ఎత్తి మళ్లీ వేయాల్సిందే. ఇద్దరున్న పడవైతే వెనక చిన్న లంగరు ఇంకొకటి వేసి ఊగకుండా ఆపుతారు. అది నిశ్చలంగా ఉన్న రోజు మాత్రమే చేయండి. ఒక్క లంగరే వేసేటప్పుడు ఎప్పుడూ ముక్కుకే కట్టాలి. వెనక కొసకు కట్టారా, అటువైపు అంచు తక్కువ ఎత్తు, ఇంజను బరువు కూడా అక్కడే. ఒక్క పెద్ద కెరటం లేస్తే నీళ్లు లోపలికి వస్తాయి. దీనికి మినహాయింపు లేదు.

లంగరు ఏది? బజారులో కొనక్కర్లేదు. కడ్డీలతో చేసిన నాలుగు కొక్కేల లంగరు చాలు, కడ్డీ పదో పన్నెండో మిల్లీమీటర్లు. చిక్కుకుంటే గట్టిగా లాగినప్పుడు కొక్కెం సాగి వంగి వచ్చేస్తుంది. ఇంటికొచ్చాక మళ్లీ వంచుకోవచ్చు. ఇంకో కిటుకు ఉంది. గొలుసును లంగరు తల దగ్గరి రింగుకు కాకుండా, కొక్కేలు కలిసే అడుగు భాగానికి కట్టండి. తర్వాత గొలుసును కాడ పొడవునా తెచ్చి, పై రింగుకు సన్నటి దారంతో నాలుగు చుట్లు కట్టండి. మామూలుగా లాగితే పైనుంచే లాగినట్టు పనిచేస్తుంది. చిక్కుకుంటే పడవను పైకి తీసుకెళ్లి గట్టిగా లాగండి, ఆ సన్న దారం తెగుతుంది, లాగుడు అడుగు నుంచి వస్తుంది, లంగరు వెనక్కి ఊడి వస్తుంది.

పడవ నిలిచింది. గాలం సంగతి. చేతి గాలానికి తంగూసు (నైలాను) దారం ఒక మిల్లీమీటరు మందం ఉంటే చేతికి పట్టు దొరుకుతుంది, కోసుకోదు. వేళ్లకు సైకిల్ ట్యూబు ముక్కలు తొడుక్కోండి. దారం చేతికి చుట్టుకోకండి, ఎప్పుడూ. దారం కొసన రెండు కొమ్మలు, ఒక్కోటి జానెడున్నర, 0.7 మిల్లీమీటర్ల దారంతో. వాటికి కొక్కేలు. అన్నిటికంటే కింద సీసం గుండు, 200 గ్రాములు. గుండును అసలు దారానికే కట్టేయకండి. 0.4 దారం ఒక జానెడు పెట్టి దానికి కట్టండి. రాళ్లలో ఇరుక్కునేది ఎక్కువగా గుండే. అది ఇరుక్కుంటే ఆ సన్న ముక్క ఒక్కటి తెగుతుంది. కొక్కేలు, వాటికున్న చేప, మిగతాదంతా మీ చేతికొస్తాయి.

కొక్కెం గుండ్రంగా మొన లోపలికి తిరిగింది దొరికితే అదే తీసుకోండి. చేప మింగేయకుండా దవడ మూలలో పడుతుంది. అయితే దానికి చెయ్యి విదిలించకూడదు. విదిలిస్తే ఊడిపోతుంది. బరువు తెలిసేదాకా ఆగి, నిలకడగా లాగాలి. ఎరకు కడంబా (స్క్విడ్) ముక్క బాగా నిలుస్తుంది, చిన్న చేపలు పొడిచి పొడిచి తినేయలేవు. వేలంత వెడల్పు పట్టీలుగా కోసి, ఒక కొసన మాత్రమే గుచ్చండి, మిగతాది తోకలా ఆడాలి. కవళ్లు వాసనకు మంచివే, కానీ మెత్తన, తొందరగా రాలిపోతాయి. ముందురోజు ఉప్పు పట్టిస్తే గట్టిపడతాయి. ఏ ఎరయినా కొక్కెం మొన బయటికి కనపడాలి.

ఇప్పుడింకో లెక్క. ఒరవడి అర నాట్ ఉందనుకోండి, సెకనుకు పావు మీటరు. గుండు 15 మీటర్లు దిగడానికి పది పన్నెండు సెకన్లు పడుతుంది. ఆలోగా మూడు మీటర్లు వెనక్కి పోయింది. నీళ్లలో దారం వంపు తిరిగి ఇంకొంచెం లాగుతుంది. అందుకని పడవ సరిగ్గా రాయి నెత్తిన ఉండకూడదు. పడవ వెనక కొస రాయి ఎగువ అంచుకు ఇంకో మూడు నాలుగు మీటర్లు ఎగువన ఉండాలి. ఎర జారుతూ వచ్చి అంచు ముందు ఆగాలి. కలవా ఎగువ అంచునే చూస్తూ ఉంటుంది, తిండి అటునుంచే కొట్టుకొస్తుంది కాబట్టి. గుండు అడుగు తాకగానే అర బార పైకి ఎత్తి పట్టుకోండి. అడుగున పడేసి ఉంచితే ఇరుక్కుంటుంది.

కలవా పట్టిన క్షణం ఏం చేస్తుంది? తిరిగి బొరియలోకి పోతుంది. మొదటి రెండు బారలే యుద్ధం. ఆ రెండు బారలు దారం ఒక్క అంగుళం కూడా వదలకూడదు. లేచి నిలబడి, చెయ్యి మార్చి చెయ్యి, లాగండి. రెండు బారలు పైకొచ్చాక అది సగం ఓడినట్టే, తర్వాత నెమ్మదిగా తెచ్చుకోవచ్చు. రీలుతో వేటాడేవాళ్లు వంజరానికి పెట్టినట్టు బ్రేకు వదులుగా పెడతారు. అక్కడే చేప పోతుంది.

బొరియలోకి పోయిందనుకోండి. మొప్పలు, ముళ్లు విప్పి బిగదీసుకుని కూర్చుంటుంది. లాగితే దారం రాతి అంచు మీద ఒరుసుకుని తెగుతుంది. లాగకండి. దారం పూర్తిగా వదులు చేసి, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. లాగుడు లేకపోతే కొంతసేపటికి అదే బయటికి వస్తుంది. దారం మెల్లగా కదలడం కనపడగానే ఒక్కసారిగా లాగండి. ప్రతిసారీ వస్తుందని చెప్పను. కానీ బలంగా లాగితే మాత్రం ప్రతిసారీ పోతుంది.

అమ్మా, మీరు ఏదో అడుగుతున్నారు? ఆ, హైదరాబాదు నుంచి వచ్చే చేపల సూచన గురించి. ఇన్‌కాయిస్ వాళ్లు ఇస్తారు. సముద్రం పైపొర వేడి, నీటి పచ్చదనం ఉపగ్రహాల నుంచి చూసి, చేప గుంపులు కూడే చోట్లు చెబుతారు. అది గుంపులుగా తిరిగే చేపకు. రాతి చేపకు అది పనికిరాదు, రాయి ఉపగ్రహానికి కనపడదు. కానీ అదే సంస్థ ఇచ్చే కెరటాల సూచన మాత్రం చూడకుండా కదలకండి. కెరటం ఎత్తు ఒక్కటే చూడొద్దు, రెండు కెరటాల మధ్య ఎన్ని సెకన్లో చూడండి. 15 సెకన్లు, అంతకు మించి ఉంటే అది దూరం నుంచి వచ్చిన బరువైన కెరటం. లోతు నీళ్లలో తెలియదు, పడవ మెల్లగా లేచి దిగుతుంది. మిట్ట రాయి మీదకు రాగానే లేస్తుంది. నీటి లోతులో దాదాపు ఎనభై శాతం ఎత్తుకు చేరితే కెరటం విరుగుతుంది. రాయి మీద రెండు మీటర్ల నీళ్లే ఉంటే మీటరున్నర కెరటం అక్కడ విరుగుతుంది. పెద్దవి వరసగా నాలుగైదు వస్తాయి, మళ్లీ పది పదిహేను నిమిషాలు ఏమీ ఉండదు. ఆ ఖాళీ చూసి ప్రశాంతంగా ఉందనుకుని దగ్గరికి పోతారు. మిట్ట రాళ్ల దగ్గరికి పోయేముందు బయటే ఆగి ఇరవై నిమిషాలు చూడండి.

జూన్ నుంచి సెప్టెంబరు మధ్య పడమటి గాలి సంగతి. ఒడ్డు మీంచి సముద్రంలోకి వీస్తుంది కాబట్టి ఒడ్డు దగ్గర నీళ్లు చదునుగా ఉంటాయి. పోతున్నకొద్దీ బాగానే ఉంటుంది. తిరిగి రావడమే కష్టం. సాయంత్రం పడమట నల్లగా మబ్బు కమ్మితే చేప పడుతున్నా సరే లంగరు ఎత్తేయండి. ఆ గాలికి ఇంజను ఆగిపోతే మిమ్మల్ని బయటికే తోస్తుంది. అందుకే ఇంధనం మూడు భాగాలు: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, మూడోది ముట్టుకోకూడదు. వానల తర్వాత కూవం, అడయారు ముఖద్వారాల దగ్గర ప్లాస్టిక్ సంచులు తేలుతుంటాయి. ఇంజను నీళ్లు లాగే చోట అతుక్కుంటే వేడెక్కి ఆగిపోతుంది. ఇంజను పక్కనుంచి చిమ్మే సన్నటి నీటి ధార మీద కన్ను ఉంచండి. అది ఆగితే వెంటనే ఇంజను ఆపి చూడాలి. లైఫ్ జాకెట్ కింద పరుచుకుని కూర్చోవడానికి కాదు, తొడుక్కోవాలి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, పడవ లోపల పెయింటుతో రాయించండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మర పడవల మీద నిషేధం. మీ పడవ ఏ కోవలోకి వస్తుందో మత్స్యశాఖలో అడిగి తెలుసుకోండి, పడవవాడి మాట మీద పోకండి.

ఇంకొక్క విషయం చెప్పి ప్రశ్నలకు వస్తాను. చేప రాయిని వదలదని చెప్పాను కదా. అదే దాని బలహీనత. ఒకే రాయి మీద వారం వారం వేటాడితే ఆ రాయి ఖాళీ అవుతుంది, మళ్లీ నిండటానికి ఏళ్లు పడుతుంది. కలవా ముందు ఆడదిగా పెరుగుతుంది, పెద్దయ్యాక కొన్ని మగవిగా మారతాయి. పెద్దవన్నీ తీసేస్తే మగవి పోయినట్టు. మరీ చిన్నవి తీస్తే ఒక్కసారి కూడా గుడ్లు పెట్టనివి పోయినట్టు. ఒక రాయి మీద రెండు మూడు పడ్డాక ఇంకో రాయికి పోండి. అందుకే మూడు రాళ్ల గుర్తులు పుస్తకంలో ఉండాలి. రాక్షస కలవా, కడలి గుర్రం, పగడాలు, ఇవి 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి, పడితే వదలాల్సిందే.

అడగండి. ఆ బాబు.

వదిలితే బతుకుతుందా? మంచి ప్రశ్న. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెండింతలు, ఇరవైలో మూడింతలు. చేప కడుపులో గాలి తిత్తి ఉంటుంది. ఇరవై మీటర్ల నుంచి లాగితే అది మూడింతలు ఉబ్బుతుంది. జీర్ణకోశం నోట్లోంచి బయటికి వస్తుంది, కళ్లు పొడుచుకొస్తాయి. అలాంటిదాన్ని పైన వదిలితే వెల్లకిలా తేలుతుంది, పక్షి పొడుచుకుపోతుంది. బయటికొచ్చిన ఆ భాగాన్ని లోపలికి నెట్టకండి, గుచ్చకండి. ముల్లు తీసేసిన పెద్ద కొక్కెం తీసుకోండి. దాని కాడకు అర కిలో సీసం వేలాడదీయండి, దారం వంపు దగ్గర కట్టండి. కింది పెదవి పొరకు తగిలించి తలకిందులుగా దింపండి. అడుగుకు పోయాక దారం ఒక్క గుంజు గుంజితే కొక్కెం ఊడి వస్తుంది. ఒత్తిడి మళ్లీ పెరగ్గానే తిత్తి మామూలుకు వస్తుంది, చేప ఈదుకుంటూ పోతుంది. అయితే ఇదంతా రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి.

ఐసు ఎంత? చేప బరువుకు సమానంగా ఐసు, మన ఎండలకు అంతకంటే తగ్గించకండి. మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, రెండు పాళ్లు ఐసు, ఒక పాలు సముద్రపు నీళ్లు కలిపిన పెట్టెలో వేయండి. గాలి తగిలే ఐసు గడ్డల మధ్యకంటే ఆ నీళ్లలో చేప త్వరగా చల్లబడుతుంది. మంచినీళ్లు పోయకండి, కళ్లు తెల్లబడతాయి.

ముల్లు గుచ్చుకుంటే? రాయిలాగే కనపడే చేప ఏది పడినా చేత్తో పట్టకండి, శ్రావణంతో కొక్కెం తీయండి, లేదా దారం కోసేయండి. గుచ్చుకుంటే భరించగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలకు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచాలి. ఆ విషం వేడికి విరుగుతుంది. గుచ్చుకున్న చేతికి వేడి తెలియదు, రెండో చేతితో నీళ్ల వేడి చూసుకోవాలి, లేకపోతే చర్మం కాలుతుంది. అందుకే పడవలో ఒక ఫ్లాస్కు నిండా వేడి నీళ్లు పెట్టుకోండి. తర్వాత నేరుగా ఆసుపత్రికి. ఊపిరి ఆడకపోయినా, గుండెదడ వచ్చినా ఫ్లాస్కు కోసం ఆగకుండా ఇంజను స్టార్ట్ చేయండి.